ఎత్తు కాదు, సాగడం ముఖ్యం: థార్, జిమ్నీ, పాత జీపుల్లో సస్పెన్షన్ ఫ్లెక్స్ పెంచుకునే దారులు

హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుండ్ల మధ్య బండి నడిపినవాళ్లకి ఈ దృశ్యం బాగా తెలుసు. కుడి ముందు చక్రం ఒక గుండు ఎక్కుతుంది. ఎడమ వెనక చక్రం ఇంకో గుండు మీద ఉంటుంది. మిగతా రెండు చక్రాలు కిందికి సాగి నేలని అందుకోవాలి. అందినంతవరకూ బండి కదులుతుంది. అందనప్పుడు ఆ రెండూ గాల్లో ఊరికే తిరుగుతాయి, బండి నిలిచిపోతుంది. ఒక మూల చక్రం పైకి మడుచుకుని, పక్క మూల చక్రం కిందికి సాగే ఈ గుణాన్నే మనం ఫ్లెక్స్ అంటున్నాం.

దీన్ని పెంచాలని షెడ్డుకు వెళ్తే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "ఎన్ని ఇంచులు లిఫ్ట్ చేయమంటారు?" అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. బండి ఎత్తు వేరు, ఫ్లెక్స్ వేరు. ఎత్తు పెంచి ఫ్లెక్స్ పోగొట్టుకున్న బండ్లు నేను చాలా చూశాను, అందులో నాది కూడా ఉంది. నా థార్‌కి స్ప్రింగుల దగ్గర బండిని లేపే మందపాటి బిళ్లలు, అంటే స్పేసర్లు, పెట్టించాను. పార్కింగ్‌లో చూస్తే బండి ఠీవిగా ఉంది. మరుసటి వారం ఎప్పుడూ వెళ్లే గుంట దగ్గరే, అంతకుముందు నేల వదలని చక్రం గాల్లోకి లేచింది. పైగా చక్రం కిందికి జారిన ప్రతిసారీ టక్‌మని చప్పుడు.

కారణం లెక్క వేస్తే తేలికగానే అర్థమైంది. షాక్ అబ్జార్బర్ ఒక కొలత వరకే సాగుతుంది, ఒక కొలత వరకే మూసుకుంటుంది. ఈ రెండింటి మధ్య దూరమే చక్రానికి దొరికే మొత్తం ప్రయాణం. కంపెనీ షాకే ఉంచి స్ప్రింగ్ దగ్గర స్పేసర్ పెడితే ఆ మొత్తం పెరగదు. బండి మాత్రం పైన నిలబడుతుంది కాబట్టి షాక్ అప్పటికే సగానికి పైగా సాగిపోయి ఉంటుంది. ఇంక కిందికి సాగడానికి మిగిలేది తక్కువ. నేను విన్న చప్పుడు షాక్ తన చివరికి కొట్టుకున్న చప్పుడు.

అందుకే ఏ పార్టు కొనాలో ఆలోచించే ముందు, మీ బండిలో చక్రాన్ని ఇప్పుడు ఆపుతున్నది ఏదో కనిపెట్టాలి. ఒక్కో బండిలో ఒక్కోటి ఆపుతుంది. దాన్ని వదిలేసి మిగతావన్నీ మార్చినా ఒక్క ఇంచు కూడా లాభం ఉండదు.

కొలవడం ఎలా

చదునైన నేల మీద బండి నిలిపి నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత గట్టి మట్టిగట్టు గానీ, లోడింగ్ ర్యాంపు గానీ చూసుకుని ఒక ముందు చక్రాన్ని మెల్లగా ఎక్కించండి. నాలుగింటిలో ఏదో ఒక చక్రం నేల వదలబోతున్న చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి మళ్లీ కొలవండి. పక్కన ఇంకో మనిషి తప్పనిసరిగా ఉండాలి. ఈ రెండు కొలతల తేడాలో ఏ చక్రం ఎంత మడిచిందో, ఎంత సాగిందో తెలుస్తుంది.

విదేశాల్లో దీనికి ఒక కొలమానం ఉంది, ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్ అంటారు. సాధారణంగా 20 డిగ్రీల ర్యాంపు మీద ఒక ముందు చక్రం ఎంత దూరం ఎక్కాక మరో చక్రం నేల వదిలిందో చూసి, ఆ దూరాన్ని వీల్‌బేస్‌తో (ముందు వెనక చక్రాల మధ్య దూరం) భాగించి, 1000తో గుణిస్తారు. మూడు తలుపుల థార్ వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు. అది ర్యాంపు మీద 1100 మిల్లీమీటర్లు ఎక్కిందనుకుందాం, స్కోరు దాదాపు 449 అవుతుంది. అంటే ఆ ముందు చక్రం నేల నుంచి సుమారు 376 మిల్లీమీటర్లు పైకి లేచినట్టు. మీ స్కోరు ఇంకొకరి బండితో పోల్చుకోవడానికి కంటే, మార్పుకు ముందూ తర్వాతా మీ బండినే పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

బండి అలా మెలితిరిగి నిలబడి ఉన్నప్పుడే, కిందికి దూరకుండా పక్కనుంచి టార్చి వేసి చూడండి. సాగిన చక్రం వైపు షాక్ పూర్తిగా సాగిపోయిందా? మడిచిన వైపు, చక్రం పైకి రావడానికి హద్దుగా ఉండే బంప్ స్టాప్ రబ్బరు నలిగిందా? ఈ రెండూ జరగకుండానే చక్రం లేచిందంటే అడ్డుపడేది స్టెబిలైజర్ బార్ (దీని సంగతి కింద చెప్తాను), చక్రాలను ఛాసీకి కలిపే ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, లేదా స్ప్రింగ్ గట్టిదనం. ఇక ఎంపికల సంగతి చూద్దాం.

డబ్బు పెట్టకముందు: గాలి, స్టెబిలైజర్ బార్

టైర్లలో గాలి తగ్గించడం సస్పెన్షన్ మార్పు కాదు, నిజమే. కానీ 30 దాటిన పీఎస్ఐని 18–20కి దింపితే టైరే రాయిని చుట్టుకుని సగం పని చేసి పెడుతుంది, పట్టు కూడా బాగా పెరుగుతుంది. 15 కంటే దిగితే మామూలు రిమ్ములో టైరు అంచు ఊడే ప్రమాదం ఉంది. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాలి, అందుకని చిన్న కంప్రెసర్ బండిలో ఉండి తీరాలి. ఫ్లెక్స్ కిట్‌కి డబ్బు సిద్ధం చేసుకుని బండిలో కంప్రెసర్ లేనివాళ్లకి నా సలహా, ముందు కంప్రెసర్ కొనండి.

తర్వాతిది స్టెబిలైజర్ బార్. మలుపుల్లో బండి ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపి ఉంచే ఇనుప కడ్డీ ఇది. రోడ్డు మీద అది చేసే మేలే గుండ్ల మీద కీడు అవుతుంది. ఒక చక్రం పైకి వెళ్తే రెండోదాన్ని కూడా తనతో లాగుతుంది. 2020లో వచ్చిన థార్‌కి ముందూ వెనకా ఈ బార్ ఉంది. జిమ్నీకి ముందు వైపే ఉంది. దాని లింకు బోల్టు విప్పి, బార్‌ని షాఫ్టులకు గానీ స్టీరింగ్ రాడ్డుకు గానీ తగలకుండా కట్టేస్తే, సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో తేడా అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఖర్చు దాదాపు శూన్యం. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ని బటన్ నొక్కి విడదీసే ఏర్పాటు కంపెనీయే ఇస్తోందంటే, దీని విలువ ఎంతో ఊహించండి. పానాతో పనిలేకుండా పిన్ను లాగితే ఊడే లింకులు కూడా దొరుకుతాయి. తరచూ వెళ్లేవాళ్లకి అవి మంచివి.

బార్ విప్పిన బండిని ఔటర్ రింగ్ రోడ్డు మీద గానీ, ఘాట్‌రోడ్డులో గానీ నడపకూడదు. ఒక్క హఠాత్తు మలుపు చాలు. ట్రాక్ దగ్గర విప్పాలి, అక్కడే మళ్లీ బిగించి ఇంటికి రావాలి. "దగ్గరే కదా, ఇంటికెళ్లాక బిగిద్దాం" అనే మాట నాకు నిజంగా భయం కలిగిస్తుంది.

పొడవాటి షాక్‌లా, మెత్తటి స్ప్రింగులా?

కొలిచినప్పుడు షాక్ పూర్తిగా సాగిపోయి కనిపిస్తే పొడవాటి షాక్ వల్ల ప్రయోజనం ఉంటుంది. షాక్ ఇంకా సాగే వీలుండి కూడా చక్రం లేచిందంటే షాక్ మార్చి లాభం లేదు. చాలామంది ఈ ఒక్క తేడా చూసుకోకుండానే కొంటున్నారు.

పొడవాటి షాక్ కొనేటప్పుడు సాగిన పొడవు ఒక్కటే చూడకండి, మూసుకున్న పొడవు కూడా అడగండి. ఎక్కువ సాగే షాక్ సాధారణంగా మూసుకున్నప్పుడు కూడా పొడవుగానే ఉంటుంది. బంప్ స్టాప్ పూర్తిగా నలగకముందే షాక్ అడుగుకి కొట్టుకుంటే లోపలి వాల్వులు పోతాయి, లేదా మౌంటు విరుగుతుంది. అప్పుడు బంప్ స్టాప్‌ని పొడిగించాలి. అంటే కింద సంపాదించిన ఇంచును పైన కొంత వదులుకోవాలి. కొత్త షాక్‌తో పాటు దాని కొలతల కాగితం ఇవ్వలేని షాపులో నేనైతే కొనను.

స్ప్రింగుల విషయంలో అందరూ పొరబడేది బరువు దగ్గర. ముందు ఇనుప బంపరు, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించినవాళ్లకి గట్టి స్ప్రింగ్ అవసరమే. అవేవీ లేని బండికి అదే హెవీ స్ప్రింగ్ వేస్తే అది మడవదు, సాగదు. బండి ఎత్తుగా ఉంటుంది కానీ మూలకి మూల చెక్కబల్లలా బిగుసుకుపోయి ఉంటుంది. ఫ్లెక్స్ కావాలంటే స్ప్రింగ్ కాస్త మెత్తగా, విడిగా ఉన్నప్పుడు పొడవుగా ఉండాలి. చక్రం పూర్తిగా జారినప్పుడు కూడా తన కప్పులోంచి వదులై పక్కకి తొలగకూడదు. షాక్ మరీ పొడవైతే ఇదే జరుగుతుంది. అలా తొలగిన స్ప్రింగ్ తిరిగి సరిగ్గా కూర్చోకపోతే పెద్ద ప్రమాదం. దీనికి స్ప్రింగ్‌ని కింద క్లాంపుతో పట్టి ఉంచడం ఒక దారి. యాక్సిల్ ఒక హద్దు దాటి జారకుండా నైలాన్ పట్టీ కట్టడం ఇంకో దారి. నాకు పట్టీయే నచ్చుతుంది, ఎందుకంటే అది బ్రేక్ పైపులను కూడా కాపాడుతుంది.

బ్రేక్ పైపుల గురించి ఆగి చెప్పాలి. చక్రం అదనంగా రెండు ఇంచులు జారితే బ్రేక్ రబ్బరు పైపు, ఏబీఎస్ వైరు కూడా అంత సాగాలి. అవి పొట్టివైతే మీరు గుంటలో ఉన్నప్పుడే తెగుతాయి. షాక్ బిగించే ముందే ఛాసీని గట్టి స్టాండ్ల మీద నిలిపి, షాక్ విప్పి, యాక్సిల్‌ని జాకీ మీద కొద్దికొద్దిగా దించుతూ ఒక పక్కకు వంచి చూడాలి. పైపు ఎక్కడ బిగుస్తోంది, ఇంజిన్ బలాన్ని యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కడ తగులుతోంది, అన్నీ అక్కడే తేలతాయి. ఒక్క జాకీ మీద నిలిపి కిందికి దూరడం మాత్రం ఎవరూ చేయకండి.

థార్ ముందు భాగం, జిమ్నీ ఆర్మ్‌లు

థార్‌లో ముందు డబుల్ విష్‌బోన్, అంటే రెండు చక్రాలు దేనికది. వెనక మాత్రం మల్టీలింక్‌తో సాలిడ్ యాక్సిల్. సాలిడ్ యాక్సిల్ తక్కెడ లాంటిది. ఒక చివర పైకి వెళ్తే ఆ బలమే రెండో చివరను కిందికి నొక్కుతుంది. ముందు చక్రాలకి ఆ సాయం లేదు. అవి ఎంత జారాలన్నది విష్‌బోన్ పొడవు, బాల్ జాయింట్ కోణం, డ్రైవ్‌షాఫ్ట్ సీవీ జాయింట్ (చక్రం వంగినా బలం అందించే కీలు) కోణం నిర్ణయిస్తాయి. షాక్ పైభాగంలో స్పేసర్ పెడితే చక్రం కొంచెం ఎక్కువ జారుతుంది కానీ ఆ కోణాలన్నీ చివరికి చేరుకుంటాయి. షాక్ ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి ఇంచు స్పేసర్‌కి చక్రం దగ్గర ఇంచు కంటే ఎక్కువే లేస్తుందన్నది కూడా మరచిపోకూడదు. ఆ జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారడం, సీవీ జాయింట్ కటకటలాడటం దీని ఫలితాలే.

కాబట్టి థార్ ముందు భాగంలో ఫ్లెక్స్ కోసం డబ్బు పెట్టడం నేను సమర్థించను. వెనక కాస్త పెంచుకోవచ్చు. అదీ అతిగా వద్దు. ముందు బిగుసుకుని వెనక మాత్రం బాగా సాగితే బాడీ ముందు చక్రాల వాలునే పట్టుకుని ఒరుగుతుంది. లోపల కూర్చున్నవాళ్లకి బండి పడిపోతుందేమోనన్న టెన్షన్ మొదలవుతుంది. ముందూ వెనకా సమంగా సాగే బండి, మొత్తంగా తక్కువ సాగినా, నిబ్బరంగా నడుస్తుంది.

2023లో మన దగ్గరకు వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ కథ వేరు. ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు. పుట్టుకతోనే మంచి ఫ్లెక్స్ ఉన్న బండి. దాని ముందు యాక్సిల్‌ని రెండు రేడియస్ ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి, ఒక్కో ఆర్మ్‌కి యాక్సిల్ దగ్గర రెండేసి బుష్‌లు. యాక్సిల్ మెలితిరగాలంటే ఆ రబ్బర్లు నలగాలి. అవి నలగకపోతే యాక్సిలే ఒక పెద్ద స్టెబిలైజర్ బార్‌లా మారిపోతుంది. అరిగిన రబ్బరు బుష్‌ల స్థానంలో "ఎక్కువకాలం మన్నుతాయి" అని గట్టి పాలీయురిథేన్ బుష్‌లు వేయించుకునేవాళ్లు తమకు తెలియకుండానే ఫ్లెక్స్ పోగొట్టుకుంటున్నారు. ఫ్లెక్స్ కావాలంటే కంపెనీ రబ్బరు బుష్‌లే కొత్తవి వేయించండి.

జిమ్నీని 40–50 మిల్లీమీటర్లు లేపితే ముందు యాక్సిల్ కొద్దిగా తిరిగి క్యాస్టర్ కోణం (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. స్టీరింగ్ తేలికై, మలుపు తర్వాత తనంతట తాను మధ్యకి రావడం మందగిస్తుంది. కొన్ని బండ్లు ఒక వేగం దగ్గర స్టీరింగ్ విపరీతంగా ఊగే స్థితికి వస్తాయి. క్యాస్టర్ సరిచేసే బుష్‌లు గానీ, మార్చిన ఆర్మ్‌లు గానీ ఆ లిఫ్ట్ ఖర్చులో భాగమేనని ముందే లెక్క వేసుకోవాలి. యాక్సిల్ పక్కలకి కదలకుండా పట్టే ప్యాన్‌హార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ కొంచెం పక్కకి జరుగుతుంది, దాన్ని కూడా సరిచేయించాలి.

పాత జీపు, జిప్సీ: కమాన్ పట్టీల బండ్లు

నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇక్కడ తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం ఉంటుంది. ఎంఎం 540, మేజర్, జిప్సీ లాంటి బండ్లలో ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్, నాలుగు మూలలా కమాన్ పట్టీలు. ఏళ్ల తరబడి తుప్పు పట్టి పట్టీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. కట్ట విప్పించి, పట్టీల మధ్య తుప్పు గీకించి, గ్రీజు పెట్టించి, కమాన్ చివరను ఛాసీకి వేలాడదీసే షాకిల్ బుష్‌లు కొత్తవి వేయించండి. అంతే, వేరే బండి ఎక్కినట్టు ఉంటుంది. ఏ లిఫ్ట్ కిట్‌కైనా ముందు ఈ పని చేయించాలి.

ఆ తర్వాతి మెట్టు గురించి కమ్మరిషెడ్లలో రకరకాల మాటలు వినిపిస్తాయి. ఒక పట్టీ తీసేయమంటారు. బరువు మోయని బండికి అది పనిచేస్తుంది, కానీ మిగిలిన పట్టీలు తొందరగా వాలిపోతాయి. పొడవాటి షాకిల్ వేయమంటారు. షాకిల్ పొడవు ఎంత పెరిగితే బండి అందులో సగం లేస్తుంది, పట్టీ సాగడానికి కొంత చోటు దొరుకుతుంది. కానీ ముందు వైపు వేస్తే క్యాస్టర్ మారి స్టీరింగ్ చెడుతుంది. ఇంచుకు మించి వద్దని నా మాట. తక్కువ పట్టీలు, మధ్యలో మందంగా, చివరలకి సన్నగా ఉండే పారాబోలిక్ కమాన్లు వీటన్నింటికంటే మెరుగు. పట్టీల మధ్య రాపిడి తగ్గుతుంది కాబట్టి మెత్తగా కదులుతాయి. వాటికి మంచి షాక్‌లు తోడు కావాలి.

యాక్సిల్ కింద ఉన్న పట్టీలను పైకి మార్చే స్ప్రింగ్ ఓవర్ పని చూడడానికి ఆకర్షణగా ఉంటుంది. బండి ఒక్కసారిగా చాలా లేస్తుంది, ఫ్లెక్స్ పెరుగుతుంది. దాంతోపాటు స్టీరింగ్ లింకుల కోణం, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, బ్రేక్ పైపులు అన్నీ మారాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ తిరిగి పట్టీలు ఎస్ ఆకారంలో వంగుతాయి, దానికి యాక్సిల్ తిరగకుండా పట్టే ట్రాక్షన్ బార్ వేయాలి. పోటీలకు మాత్రమే వాడే బండికి సరే. రోజూ రోడ్డెక్కే బండికి వద్దు.

అదే డబ్బుతో డిఫరెన్షియల్ లాక్?

ఇది నిజంగా ఆలోచించాల్సిన పోలిక. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ మధ్య నుంచి రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె. మామూలు డిఫరెన్షియల్‌లో గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతూ ఉంటే నేల మీదున్న చక్రానికి బలం అందదు. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. కాబట్టి చక్రం లేచినా బండి కదులుతుంది. ఫ్లెక్స్ చక్రాన్ని లేవనివ్వదు. లాక్, లేచిన చక్రం వల్ల కలిగే నష్టాన్ని ఆపుతుంది. ముందుకు కదలడమే మీ సమస్య అయితే లాక్ గెలుస్తుంది. బండి ఒరిగిపోతుందన్న భయం, ఒక్కసారిగా ధబ్‌మని పడటం మీ సమస్య అయితే ఫ్లెక్స్ గెలుస్తుంది.

థార్‌లో కొన్ని మోడళ్లకి వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ కంపెనీ నుంచే వస్తోంది. మీ బండికి అది ఉంటే టైర్లు, గాలి, వెనక బార్ లింకులు, మంచి షాక్‌లతో ఆగిపోండి. ఫోర్స్ కంపెనీ గూర్ఖాలో ముందూ వెనకా లాకులు ఉన్నాయి, దానికి ఫ్లెక్స్ కోసం ఖర్చు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. జిమ్నీలో ఫ్లెక్స్ సరిపడా ఉంది, తిరిగే చక్రానికి బ్రేక్ వేసి రెండోదానికి బలం పంపే ఏర్పాటు కూడా ఉంది. దాని లోటు టైరు సైజు. కంపెనీ టైరు 195/80 ఆర్15, అంటే వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు. థార్ 255/65 ఆర్18 టైరు సుమారు 789. సాలిడ్ యాక్సిల్ బండిలో డిఫరెన్షియల్ గుండ్రటి కడుపును నేల నుంచి పైకి లేపేది టైరు ఒక్కటే, ఎన్ని స్ప్రింగులు మార్చినా అది లేవదు. అందుకే జిమ్నీకి నేనైతే ముందు ఒక సైజు పెద్ద టైరు, ముందు బార్‌కి పిన్ను లింకులు తీసుకుంటాను. ఆ తర్వాత కూడా అవసరం అనిపిస్తే లాకర్. లిఫ్ట్ అన్నింటికంటే ఆఖర్న. పాత జీపుకి వరుస వేరు: ముందు కమాన్ల శుభ్రం, తర్వాత షాక్‌లు, ఆ తర్వాత వెనక లాక్.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది చేసిన సవరణలో ఒక్కో మార్పుకీ 5000 రూపాయల జరిమానా పెట్టారు, జైలుశిక్షకు కూడా వీలుంది. అన్నిటికంటే బాధపెట్టేది ఇన్సూరెన్స్. ప్రమాదం జరిగాక సస్పెన్షన్ మార్పు చూపించి క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం ఉంది. ఎప్పుడైనా కంపెనీ స్థితికి తిప్పుకోగలిగే మార్పులే ఎంచుకోండి. పాత షాక్‌లు, స్ప్రింగులు పారేయకుండా నూనె రాసి దాచుకోండి.

ఏ మార్పు చేయించినా షెడ్డులో ఒక విషయం పట్టుబట్టి చెప్పండి. రబ్బరు బుష్‌లున్న ఆర్మ్ బోల్టులను బండి గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువుతో నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. లేకపోతే బుష్ మెలిపడిన స్థితిలోనే బిగుసుకుని, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది, అప్పటిదాకా చక్రాన్ని కూడా సరిగ్గా సాగనివ్వదు. మొదటి ట్రిప్ నుంచి వచ్చాక అవే బోల్టులను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూపించుకుని, మొదట రాసిపెట్టుకున్న నాలుగు కొలతలు అదే గట్టు మీద మరోసారి తీయండి.